ఒంటి ఇంజిన్ విమానంలో ఇంజిన్ ఆగిపోతే: సెస్నా 172ను పొలంలో దింపే పద్ధతి

ఇంజిన్ ఆగిన విమానం రాయిలా పడిపోదు. రెక్కలు ఎప్పటిలాగే ఎత్తుతుంటాయి. కాకపోతే ఇప్పటిదాకా పెట్రోలుతో నడిచిన విమానం ఇకమీదట ఎత్తును ఖర్చు పెట్టి నడుస్తుంది. సెస్నా 172ఎస్ గాలి లేనప్పుడు ప్రతి 1,000 అడుగులకు సుమారు ఒకటిన్నర నాటికల్ మైళ్ళు, అంటే రెండు ముప్పావు కిలోమీటర్లు జారుతుంది. నిమిషానికి 750 అడుగుల చొప్పున దిగుతుంది. నేలకు 3,000 అడుగుల పైన ఉంటే మీ చేతిలో నాలుగు నిమిషాలు ఉన్నట్టు. అది తక్కువేమీ కాదు, కానీ అందులో ఒక నిమిషం "అయ్యో, ఏమైంది" అనుకోవడానికే పోతుంది. దాన్ని మిగుల్చుకోవడానికే ఈ క్రమం.

ఇక్కడి అంకెలన్నీ 172ఎస్‌వి. మీరు నడిపేది వేరే మోడల్ అయితే దాని హ్యాండ్‌బుక్‌లో ఏముందో అదే ప్రమాణం. ఇంకో మాట: ఈ వ్యాసంలో నాట్లు అంటే వేగం, గంటకు ఇన్ని నాటికల్ మైళ్ళని. వరినాట్ల సంగతి కింద వస్తుంది, అదీ తక్కువ ముఖ్యం కాదు.

నోటికి రావలసిన అంకెలు

నిండు బరువు 2,550 పౌండ్లతో ఎక్కువ దూరం జారే వేగం 68 నాట్లు. పాత 172ఎన్, 172పీలకు 65, సెస్నా 152కు 60. బరువు తగ్గితే ఈ వేగమూ తగ్గుతుంది. ఒక్కరే ఉండి 2,100 పౌండ్లకు దిగితే 62 చాలు. దిగడానికి వచ్చేటప్పుడు ఫ్లాప్స్ (రెక్క వెనక అంచున కిందికి దిగే పలకలు) లేకుండా 70, ఫ్లాప్స్ దించాక 65. స్టాల్ అయ్యే (రెక్క విమానాన్ని మోయడం మానేసే) వేగం ఫ్లాప్స్ లేకుండా 48, పూర్తి ఫ్లాప్స్‌తో 40. ఇవన్నీ రెక్కలు సమంగా ఉన్నప్పటి లెక్కలు. 45 డిగ్రీలు వాల్చి తిప్పితే స్టాల్ వేగం 19 శాతం పెరుగుతుంది, 60 డిగ్రీలకు 41 శాతం.

ఆల్టీమీటర్ ఎత్తును సముద్రమట్టం నుంచి చెబుతుందని అందరికీ తెలుసు, కంగారులో అందరూ మరిచిపోతారు. బేగంపేట రన్‌వే 1,742 అడుగుల ఎత్తున ఉంది. ఆ చుట్టుపక్కల 3,000 అడుగుల్లో ఎగురుతుంటే మీ కింద ఉన్నది 1,250 అడుగులే, అంటే నాలుగు నిమిషాలు కాదు, ఒకటిన్నర నిమిషం. ఎండాకాలం 40 డిగ్రీల వేడిలో అక్కడి గాలి 5,000 అడుగుల ఎత్తులో ఉండే గాలంత పలచన. వేగం మీటర్‌లో 65 కనబడుతున్నా నేలను తాకే అసలు వేగం 8 శాతం ఎక్కువ, దాంతో ఢీకొనే శక్తి 16 శాతం పైగా ఎక్కువ.

ఎందుకు ఆగుతుంది

కారణం తెలిస్తే తిరిగి నడిపించే అవకాశం ఉంది కాబట్టి ఇది ముందు.

ఎక్కువసార్లు ఇంజిన్ తప్పేమీ ఉండదు, దానికి తిండి అందదు. ట్యాంకులు ఖాళీ కావడం ఒకటి, ట్యాంకులో ఉన్నా ఏ ట్యాంకు నుంచి తీసుకోవాలో ఎంచే సెలెక్టర్ తప్పు వైపు ఉండడం ఒకటి. 172ఎస్‌లో 56 గ్యాలన్లు పడతాయి, వాడుకోగలిగినవి 53. క్రూజ్‌లో, అంటే ఒకే ఎత్తులో సాగిపోయేటప్పుడు, గంటకు 9 నుంచి 10 గ్యాలన్లు తాగుతుంది. గేజ్‌ను నమ్మకుండా ట్యాంకులో పుల్ల ముంచి చూడడం, గడియారంతో లెక్క వేయడం పాతకాలపు పనులుగా కనిపించవచ్చు, కానీ ఇంతకంటే మంచి పద్ధతి ఇంకా రాలేదు.

రెండోది నీళ్ళు. వానాకాలంలో బయట నిలిపిన విమానానికి మూత రబ్బరు ఎండిపోయి ఉంటే రెక్క మీది నీరంతా ట్యాంకులోకే. 172ఎస్‌కు 13 డ్రైన్లు (అడుగున ఉన్నదాన్ని కొంచెం తీసి చూసే చోట్లు) ఉంటాయి: ఒక్కో రెక్కకు అయిదు, పొట్ట కింద మూడు. పదమూడూ తీసి చూడాలి. విమాన పెట్రోలు 100ఎల్‌ఎల్ నీలం రంగులో ఉంటుంది, నీరు అడుగున తేటగా బుడగలా నిలుస్తుంది. గాజు గొట్టం మొత్తం తేటగా కనిపిస్తే "బాగుంది" అనుకోకండి, అది మొత్తం నీళ్ళే కావచ్చు. తెల్ల కాగితం ముందు పట్టి రంగు చూడండి, వాసన చూడండి. కిరోసిన్ వాసన, జిడ్డు తగిలితే ఎవరో జెట్ ఫ్యూయల్ పోశారన్నమాట.

కార్బురేటర్ ఉన్న 152, 172ఎన్, 172పీ లాంటి వాటిలో మంచు కడుతుంది. "మన ఎండల్లో మంచేమిటి" అని నవ్వేవాళ్ళు ఉంటారు. కార్బురేటర్ గొంతులో పెట్రోలు ఆవిరైనప్పుడు వేడి ఒక్కసారిగా పడిపోతుంది. బయట 25 డిగ్రీలున్నా గాలిలో తేమ ఉంటే చాలు. తీరం వెంబడి ఉదయాలు, వాన వెలిసిన సాయంత్రాలు, థ్రాటిల్ తగ్గించి దిగే సమయం, ఈ మూడూ కలిస్తే జాగ్రత్త. మెల్లగా ఆర్‌పీఎం పడిపోవడం దాని గుర్తు. కార్బ్ హీట్ (కార్బురేటర్‌కు వేడి గాలి పంపే పిడి) లాగితే ఇంజిన్ మొదట ఇంకా దడదడలాడుతుంది, ఎందుకంటే కరిగిన నీటిని మింగుతోంది. అది చూసి భయపడి హీట్ తోసేయకండి. అరకొరగా కాకుండా పూర్తిగా లాగి ఉంచండి. 172ఎస్ ఇంజెక్షన్ ఇంజిన్, దానికి ఈ బెడద లేదు.

నూనె పోవడం వేరే కథ. ప్రెషర్ పడుతూ టెంపరేచర్ ఎక్కుతుంటే ఇంజిన్ బిగుసుకుపోవడానికి ఎంతో సమయం లేదు. నడుస్తున్నప్పుడే దిగే చోటు వెతకండి. ప్రెషర్ ముల్లు పడినా టెంపరేచర్ మామూలుగానే ఉంటే గేజ్ తప్పు కావచ్చు, అయినా దగ్గరి ఎయిర్‌ఫీల్డ్‌కు తిరగాల్సిందే.

అడుగు 1: ముక్కు దించి 68 పట్టుకోండి

ఇంజిన్ ఆగగానే చేయి దేని మీదికైనా వెళ్ళేలోపు ముక్కు సంగతి చూడండి. 110 నాట్ల క్రూజ్‌లో ఆగితే వెంటనే కిందికి తోయనక్కర లేదు. ఎత్తు పోకుండా పట్టుకుంటూ వేగాన్ని 68కి దిగనివ్వండి. ఆ మిగులు వేగాన్ని ఎత్తుగా మార్చుకోవచ్చు కూడా. కాగితం మీద లెక్క 300 అడుగుల పైన వస్తుంది, చేతుల్లో 200 వచ్చినా గొప్పే.

పైకి ఎక్కుతున్నప్పుడు ఆగితే మాత్రం ఇది తిరగబడుతుంది. ముక్కు పైకి ఉంది, వేగం 75 దగ్గర ఉంది, లాగే ప్రొపెల్లర్ లేదు. రెండు మూడు సెకన్లలో వేగం కరిగిపోతుంది. యోక్‌ను (చేతిలోని స్టీరింగ్‌ను) మొహమాటం లేకుండా ముందుకు తోయాలి. ముందు అద్దం నిండా నేల కనబడుతుంది, కడుపులో ఏదోలా ఉంటుంది. అదే సరైన భంగిమ.

68 రాగానే ట్రిమ్ చక్రం (చేయి వదిలినా ముక్కును అదే తీరున నిలిపేది) తిప్పండి. ట్రిమ్ సరిగ్గా ఉంటే మీరు మ్యాప్ చూస్తున్నా, సెలెక్టర్ కోసం కిందికి వంగినా విమానం 68 దగ్గరే ఉంటుంది. ట్రిమ్ చేయని పైలట్ తెలియకుండానే యోక్‌ను వెనక్కి లాగుతుంటాడు. నేల దగ్గరవుతున్న కొద్దీ దూరంగా పోవాలని ముక్కు ఎత్తడం మనిషి సహజం. దాని ఫలితం మాత్రం కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే: 68 కంటే నెమ్మదిస్తే దూరం పెరగదు, తగ్గుతుంది. ఇంకా లాగితే స్టాల్, దాని వెనకే స్పిన్, అంటే గిర్రున తిరుగుతూ పడిపోవడం.

అడుగు 2: గాలి ఎటు, చోటు ఎక్కడ

ముందు గాలి. నేలను తాకేది 45 నాట్ల దగ్గర అనుకుందాం. 15 నాట్ల గాలికి ఎదురుగా దిగితే నేల మీద వేగం 30. అదే గాలిని వెనక పెట్టుకుంటే 60. వేగం రెట్టింపైతే విమానాన్ని ఆపడానికి ఖర్చవ్వాల్సిన శక్తి నాలుగు రెట్లు. అందుకే మంచి పొలంలో వెనకగాలితో దిగడం కంటే ఓ మోస్తరు పొలంలో ఎదురుగాలితో దిగడం మేలు.

గాలిని నేలే చెబుతుంది. గడ్డి తగలబెట్టిన పొగ, ఇటుక బట్టీ పొగ, జెండాలు, కొబ్బరి మట్టలు ఒరిగిన తీరు. చెరువును చూస్తే ఒక గట్టు పక్కన నీరు అద్దంలా ఉండి, అవతలి వైపు అలలు కనిపిస్తాయి. అద్దంలా ఉన్న వైపు నుంచే గాలి వస్తోంది. ఏదీ కనబడకపోతే బయల్దేరినప్పటి రన్‌వే గాలినే నమ్మండి.

ఎంత దూరం అందుతుందో పిడికిలితో కొలవచ్చు. చేయి చాచి పిడికిలి పట్టి, పై అంచును దిగంతానికి ఆనించండి. పిడికిలి సుమారు 10 డిగ్రీలు. గాలి లేనప్పుడు 172 జారే గీత దిగంతానికి ఆరున్నర డిగ్రీల కింద ఉంటుంది, అంటే పిడికిలిలో మూడింట రెండు వంతుల చోట. ఆ గీత దగ్గరున్న పొలం లెక్క ప్రకారం అందుతుంది, నిజంలో అందదు, ఎందుకంటే మధ్యలో తిరగాలి, గాలి ఎదురొస్తుంది, చేతులు వణుకుతాయి. పిడికిలి కింది అంచుకు దిగువన ఉన్నవే మీవి. ఇంకా దగ్గరైతే ఇంకా మంచిది. చాలామంది దూరంగా ఉన్న నున్నటి పొలాన్ని చూస్తారు, కాళ్ళ కింద ఉన్న దాన్ని చూడరు. కుడి రెక్క కింద, వెనక వైపు కూడా ఓసారి చూడండి.

ఇక చోటు. హ్యాండ్‌బుక్ ప్రకారం సముద్రమట్టం దగ్గర 172ఎస్‌కు నేల మీద పరుగు 575 అడుగులు, 50 అడుగుల అడ్డు దాటి ఆగడానికి 1,335 అడుగులు. ఇది రన్‌వే లెక్క. ఎకరం చదరంగా ఉందనుకుంటే దాని భుజం 64 మీటర్లు, అంటే 210 అడుగులే. ఒక్క మడి సరిపోదు, గట్లు దాటాల్సి వస్తుంది. గట్టును అడ్డంగా తగిలితే ముందు చక్రం విరుగుతుంది. కాబట్టి పొడవాటి మళ్ళు వరసగా ఉన్న చోటు చూసుకుని, గట్ల వెంట, చాళ్ళ వెంట దిగాలి. గాలి కాస్త పక్కగా ఉన్నా చాళ్ళ దిక్కుకే ఓటు.

మన నేల మీద ఏ నెలలో ఏముంటుందన్నది పైలట్ తెలుసుకోవాల్సిన విషయం. జులై, ఆగస్టుల్లో డెల్టా మొత్తం వరినాట్లు. పైనుంచి నున్నటి పచ్చిక బయలులా మెరుస్తుంది, కింద మోకాలి లోతు బురద. ముందు చక్రం దిగబడి విమానం పల్టీ కొట్టే చోటు ఇది. తప్పనిసరైతే పూర్తి ఫ్లాప్స్‌తో, వీలైనంత నెమ్మదిగా, తోక దించి దిగండి. తలకిందులుగా ఆగే అవకాశం ఉందని లోపలివాళ్ళకు ముందే చెప్పండి. కోతలయ్యాక డిసెంబరులో, మళ్ళీ యాసంగి, దాళ్వా కోతల తర్వాత మే నెలలో ఎండిన మోడు పొలాలు దొరుకుతాయి, వాటిని మించిన చోటు లేదు. వరి తీసిన మాగాణిలో చల్లిన మినుము, పెసర కూడా మంచివే. అనంతపురం వైపు వేరుశనగ చేలు పొట్టిగా ఉంటాయి. పత్తి అలా కాదు. కట్టె గట్టిపడిన పత్తి మొక్కలు రెక్కల కింద కర్రల్లా తగులుతాయి. మొక్కజొన్న మనిషి ఎత్తు ఉంటుంది. ఎత్తయిన పైరులో దిగాల్సి వస్తే పైరు తలనే నేల అనుకుని అక్కడే విమానాన్ని నిలబెట్టాలి. మట్టి దాకా ఎగరనిస్తే ముక్కు చిక్కుకుంటుంది. నల్లరేగడి ఎండితే గట్టి, తడిస్తే జిగురు.

తీగలు కనిపించవు, స్తంభాలు కనిపిస్తాయి. బోరు మోటారు ఉన్న ప్రతి పొలానికీ కరెంటు లైను ఉంటుంది. స్తంభాల వరస, చెట్ల కొమ్మలు నరికిన సన్నటి దారి, గట్టు మీది ట్రాన్స్‌ఫార్మర్, ఇవి చూసి లైను ఎటు పోతోందో ఊహించాలి. దిగే దారిలో తీగ అడ్డంగా ఉంటే స్తంభం మీదుగా దాటండి, అక్కడ ఎత్తు స్పష్టంగా తెలుస్తుంది. భీమవరం చుట్టూ చేపల, రొయ్యల చెరువులు దూరం నుంచి చదునుగా కనిపిస్తాయి. ఎత్తయిన గట్లు, ఏరేటర్లు, వాటికి తీగలు, తప్పించుకోవాల్సిన చోట్లు. వేసవిలో ఎండిన చెరువు అడుగు బాగుంటుంది గానీ మట్టి తవ్విన గుంతలు, సర్కారు తుమ్మ పొదలు చూసుకోవాలి. ఏటి ఇసుకలో పొడి ఇసుక చక్రాన్ని మింగుతుంది, నీటి అంచున తడి ఇసుక గట్టిగా ఉంటుంది. సముద్రపు ఒడ్డుకూ ఇదే సూత్రం.

రోడ్డు అందరికీ మొదట తోచే ఆలోచన, మాకు మాత్రం చివరిది. 172 రెక్కల వెడల్పు 36 అడుగులు, 11 మీటర్లు. రెండు వరసల రోడ్డు తారు 7 మీటర్లే. మిగతా నాలుగు మీటర్ల రెక్క చెట్లకో స్తంభాలకో తగులుతుంది. జాతీయ రహదారిలో డివైడర్ మీద దీపస్తంభాలు, పైన బోర్డులు, వంతెనలు, అన్నిటికీ మించి మనుషులు. ఆంధ్రప్రదేశ్‌లో కొరిశపాడు దగ్గర 16వ నంబరు జాతీయ రహదారిలో వాయుసేన కోసం కట్టిన అత్యవసర రన్‌వే లాంటిది మీ కిందే ఉండడం లాటరీ తగలడమే, అప్పుడైనా దాని మీద లారీలు తిరుగుతుంటాయి.

ఎంచుకున్నాక మార్చకండి. 1,000 అడుగుల పైన ఉండగా మొదటి చోట తీగలు కనబడితే మార్చవచ్చు. దాని కింద చెడ్డ పొలమైనా అదే మీ పొలం.

అడుగు 3: ఇంజిన్‌ను మళ్ళీ అడిగి చూడండి

ముందు తల పొలం వైపు తిప్పి, ఆ దారిలో జారుతూనే ఇది చేయాలి. నేల నుంచి పైకి చేయి కదిలే వరసలో గుర్తుపెట్టుకుంటే కాగితం అక్కరలేదు.

1. ఫ్యూయల్ షటాఫ్ వాల్వ్: పూర్తిగా లోపలికి తోసి ఉందా?
2. ఫ్యూయల్ సెలెక్టర్: బోత్ (రెండు ట్యాంకులూ). బోత్‌లోనే ఉండి ఆగితే ఎడమ, కుడి మార్చి చూడండి.
3. ఆగ్జిలరీ ఫ్యూయల్ పంప్: ఆన్.
4. మిక్స్‌చర్ (గాలిలో కలిసే పెట్రోలు పాలు): రిచ్. ఎత్తులో ఉంటే కొద్దిగా వెనక్కి తెచ్చి కూడా చూడండి.
5. మాగ్నెటో (ఇంజిన్‌కు నిప్పురవ్వ ఇచ్చేది, రెండు ఉంటాయి) తాళం: బోత్. దడదడ ఉంటే ఎడమ ఒకటి, కుడి ఒకటి విడివిడిగా చూడండి. ఒక మాగ్నెటో చెడిపోయి తప్పు సమయంలో నిప్పురవ్వ వేస్తుంటే రెండోదాని మీద ఇంజిన్ నున్నగా నడుస్తుంది.

కార్బురేటర్ విమానమైతే అన్నిటికంటే ముందు కార్బ్ హీట్. అది ఎగ్జాస్ట్ వేడితో పనిచేస్తుంది, ఇంజిన్ ఆగిన కొద్దిసేపట్లో ఆ వేడి ఉండదు.

ప్రొపెల్లర్ గాలికి తిరుగుతుంటే స్టార్టర్ అవసరం లేదు. ఆగిపోయి ఉంటేనే తాళాన్ని స్టార్ట్‌కు తిప్పండి. పంప్ ఆన్ చేయగానే ఇంజిన్ లేస్తే, ఇంజిన్ నడిపే పంప్ పోయిందని అర్థం. ఆగ్జిలరీ పంప్‌ను ఆపకుండా దగ్గరి రన్‌వేకు వెళ్ళండి.

ఇదంతా 20 సెకన్ల పని. ఒకసారి చేసి, లేవకపోతే వదిలేయండి. నేలకు 1,000 అడుగులకు దిగాక ఇంజిన్ జోలికి పోవద్దు. తాళం తిప్పుతూ, పంపు నొక్కుతూ పొలాన్ని దాటేసిన పైలట్‌కు రెండో పొలం ఉండదు.

అడుగు 4: మేడే (ఆపద పిలుపు), లోపలివాళ్ళు

ఇప్పటికే ఏదో టవర్‌తోనో రాడార్‌తోనో మాట్లాడుతుంటే అదే ఫ్రీక్వెన్సీలో చెప్పండి. లేకపోతే అత్యవసర ఫ్రీక్వెన్సీ 121.5. ట్రాన్స్‌పాండర్‌లో (రాడార్‌కు మిమ్మల్ని చూపే పరికరం) అత్యవసర కోడ్ 7700. ఎత్తు తగ్గితే రేడియో అందదు కాబట్టి పైన ఉండగానే:

"మేడే, మేడే, మేడే. హైదరాబాద్, విక్టర్ టాంగో ఫలానా, సెస్నా 172, ఇంజిన్ ఫెయిల్యూర్, ఫోర్స్‌డ్ ల్యాండింగ్, ఫైవ్ మైల్స్ నార్త్ ఆఫ్ జడ్చర్ల, టూ తౌజండ్ ఫైవ్ హండ్రెడ్ ఫీట్, టూ పర్సన్స్ ఆన్ బోర్డ్."

జవాబు కోసం ఆగకండి. అవతలివాళ్ళు పది ప్రశ్నలు అడిగితే "స్టాండ్‌బై" అంటే చాలు. మీ స్థానం, మనుషుల సంఖ్య చేరితే వాళ్ళ పని వాళ్ళు చేస్తారు.

పక్కవాళ్ళకు సీటు నిటారుగా పెట్టించండి. సీటు రైలులో గట్టిగా కూర్చుందో లేదో కదిపి చూడండి. నడుము బెల్ట్, భుజం బెల్ట్ రెండూ బిగించాలి, భుజం బెల్ట్ లేకపోతే ముఖం ప్యానెల్‌కు తగులుతుంది. కళ్ళద్దాలు, జేబులో పెన్నులు తీయించండి. తలుపు ఎలా తెరవాలో ఒక్కసారి చేయి పెట్టి చూపించండి. తలకిందులైతే బెల్ట్ విప్పే ముందు ఒక చేత్తో పైకప్పుకు ఆనుకోమని చెప్పండి, లేకపోతే మెడ మీద పడతారు.

అడుగు 5: పొలం చుట్టూ తిరిగి రావడం

ఎత్తుంటే పొలానికి దగ్గరే ఉండి చుట్టూ దిగండి, దూరంగా వెళ్ళి నేరుగా రావాలని చూడకండి. నేలకు 1,500 అడుగుల దగ్గర పొలం మీద, 1,000 అడుగుల దగ్గర దిగబోయే చోటుకు పక్కగా డౌన్‌విండ్‌లో (దిగే దిక్కుకు సమాంతరంగా, ఎదురు దిశలో) ఉంటే మిగతాదంతా మామూలు సర్క్యూటే, అంటే దిగే ముందు రన్‌వే పక్కగా తిరిగి వచ్చే దారే. మామూలు సర్క్యూట్ కంటే దగ్గరగా, రెక్కను మోసే స్ట్రట్ (ఏటవాలు కడ్డీ) మధ్యలో పొలం కనబడేలా ఉండండి. ఎదురుగాలి గట్టిగా ఉంటే బేస్‌కు (పొలానికి అడ్డంగా సాగే దారికి) తొందరగా తిరగండి, ఫైనల్‌లో (పొలానికి నేరుగా దిగే దారిలో) అది మిమ్మల్ని వెనక్కి నెడుతుంది.

గురి పొలం మొదట్లో కాదు, మూడో వంతు లోపల పెట్టండి. చివరి కంచెకు 30 నాట్లతో గుద్దుకోవడం బతికి చెప్పుకునే విషయం. ముందున్న చెట్లకు, గట్టుకు 65తో గుద్దుకోవడం అలా కాదు. ముందద్దంలో గురిపెట్టిన చోటు కదలకుండా ఉంటే అక్కడికే చేరుతున్నారు. అది అద్దంలో పైకి పాకితే తక్కువలో ఉన్నారు, కిందికి జారితే ఎక్కువలో ఉన్నారు.

ఎక్కువలో ఉండడం సరిచేసుకోగలిగిన తప్పు. 10, 20, ఆపై పూర్తి ఫ్లాప్స్, లేదా సైడ్‌స్లిప్, అంటే పక్కకు వాల్చి ఎత్తు పోగొట్టుకోవడం. 172లో 20 డిగ్రీలు దాటిన ఫ్లాప్స్‌తో బాగా వాలిన స్లిప్ వద్దని హ్యాండ్‌బుక్ చెబుతుంది, తోకలోని ఎలివేటర్ కొద్దిగా ఊగుతుంది. తక్కువలో ఉన్న తప్పుకు మందు లేదు. అందుకే పొలం ఖాయంగా అందుతుందని తేలేదాకా ఫ్లాప్స్ ముట్టకండి. దించిన ఫ్లాప్స్‌ను కంగారులో ఎత్తితే విమానం ఒక్కసారిగా కుంగుతుంది.

బేస్ నుంచి ఫైనల్‌కు తిరిగేటప్పుడు వాలు 30 డిగ్రీలు దాటనివ్వద్దు. గీత దాటిపోతున్నామని రడ్డర్‌తో (తోక చుక్కానితో) ముక్కును లోపలికి తోయడం, అదే సమయంలో యోక్ లాగడం, స్పిన్‌కు పిలుపు.

అడుగు 6: మూసేయడం

దిగడం ఖాయమయ్యాక మిక్స్‌చర్ ఐడిల్ కటాఫ్, షటాఫ్ వాల్వ్ బయటికి, మాగ్నెటోలు ఆఫ్. మాస్టర్ స్విచ్ చివర. దీనికి కారణం ఉంది: 172లో ఫ్లాప్స్ కరెంటు మోటారుతో కదులుతాయి. ముందే మాస్టర్ ఆపేస్తే పూర్తి ఫ్లాప్స్ దిగవు, రేడియో పోతుంది. చివరి ఫ్లాప్స్ దిగాక మాస్టర్ ఆఫ్.

తలుపుల గడియలు తీసేయండి. ఢీకొన్నప్పుడు చట్రం వంగితే మూసి ఉన్న తలుపు బిగుసుకుపోతుంది. తెరిచిన తలుపు మళ్ళీ పడకుండా చెప్పో, హెడ్‌సెట్ సంచో అడ్డం పెట్టవచ్చు.

అడుగు 7: నేల

రెక్కలు సమంగా, తోక కొద్దిగా దించి, స్టాల్ హెచ్చరిక మోగుతుండగా తాకండి. తాకాక యోక్‌ను పూర్తిగా వెనక్కి లాగి ఉంచితే ముందు చక్రం మీద భారం పడదు. బ్రేకులు గట్టిగా.

ఆగడానికి దూరం ఎంత కావాలో చూస్తే ధైర్యం వస్తుంది. గంటకు 50 మైళ్ళ వేగాన్ని 9జీ (భూమ్యాకర్షణకు తొమ్మిది రెట్లు) చొప్పున ఒకే తీరుగా తగ్గిస్తే 9.4 అడుగుల్లో ఆగిపోవచ్చు. 100 మైళ్ళకు అదే 37.6 అడుగులు కావాలి. పది అడుగులంటే పొదల కంచె, రెండు వరసల పత్తి మొక్కలు. రెక్కలు, చక్రాలు, ముక్కు నలిగిపోతూ మీ వేగాన్ని మింగనివ్వండి. అవి పోతే పోనీ, కూర్చున్న గది మిగిలితే చాలు. విమానాన్ని గీత పడకుండా దించాలని తాపత్రయపడే పైలట్ చివరి క్షణంలో దూరం కోసం ముక్కెత్తుతాడు, 50 అడుగుల నుంచి రెక్క జారి పడతాడు. చెట్లే మిగిలితే రెండు చెట్ల మధ్యకు ముక్కు పెట్టండి, రెండు రెక్కలూ ఒకేసారి తగిలేలా.

నీళ్ళలో అయితే చక్రాలు తగలగానే ముక్కు మునుగుతుంది. సముద్రంలో పెద్ద అలల వెంట దిగాలి, అడ్డంగా కాదు. లైఫ్ జాకెట్ ముందే వేసుకున్నా, గాలి నింపడం బయటికి వచ్చాకే.

టేకాఫ్‌లో ఆగితే

దీనికి వేరే నియమాలు, ఎందుకంటే ఆలోచించే సమయమే లేదు. రన్‌వే మీదే ఉండగా ఆగితే థ్రాటిల్ ఐడిల్, బ్రేకులు, ఫ్లాప్స్ పైకి, మిక్స్‌చర్ కటాఫ్, మాగ్నెటోలు, మాస్టర్ ఆఫ్. గాల్లోకి లేచాక ముక్కు దించి 70 పట్టుకుని, ముందు కనిపించే చోటుకు, అటూ ఇటూ 30 డిగ్రీల లోపు. వెనక్కి రన్‌వేకు తిరగాలన్న కోరికను నేల మీద ఉండగానే చంపుకోవాలి.

లెక్క చూడండి. 70 నాట్లతో 45 డిగ్రీల వాలుతో తిరిగితే వలయం వ్యాసం సుమారు 870 అడుగులు. అంటే 180 డిగ్రీలు తిరిగాక మీరు రన్‌వేకు పక్కన 870 అడుగుల దూరంలో ఉంటారు. మళ్ళీ దానివైపు, ఆ తర్వాత దాని వరసకు తిరగాలి. పైగా ఎదురుగాలిలో లేచారు కాబట్టి ఇప్పుడది వెనకగాలి. విషయం గ్రహించడానికి మూడు నాలుగు సెకన్లు పోతాయి. మీ విమానానికి ఎంత ఎత్తు పోతుందో ఊహించకండి, శిక్షకుడితో 4,000 అడుగుల్లో చేసి చూసి, వచ్చిన అంకెకు సగం కలిపి, అది మీ గీత అనుకోండి. ఆ గీత కింద తిరగడం లేదు.

ప్రతి టేకాఫ్ ముందు నోటితో పైకి చెప్పండి: ఈ రన్‌వే కొనకు అవతల ఏముంది, ఎడమకు ఏముంది, కుడికి ఏముంది. బేగంపేటలా చుట్టూ ఊరు కమ్ముకున్న చోట ఖాళీ స్థలాలు వేళ్ళ మీద లెక్కపెట్టేన్నే: హుస్సేన్ సాగర్ నీళ్ళు, పరేడ్ మైదానం, ఇంకా కొన్ని. వాటిని మ్యాప్‌లో గుర్తుపెట్టుకోకుండా లేవకండి.

సగం చచ్చిన ఇంజిన్

పూర్తిగా ఆగిన ఇంజిన్ కంటే అరకొరగా నడిచే ఇంజిన్ మోసకారి. 1,800 ఆర్‌పీఎం ఇస్తూ, ఇంకాస్త దూరం తీసుకెళ్తానని ఆశ పెడుతుంది. మంచి పొలాలన్నీ దాటించి ఊరి నడిమధ్యన వదిలేస్తుంది. ఎత్తు నిలబడుతుంటే వేగం 68కి పైన ఉంచి, పొలం నుంచి పొలానికి అందే దూరంలోనే దగ్గరి రన్‌వేకు పోవచ్చు. ఎత్తు పోతుంటే ఇంజిన్ ఇప్పుడే ఆగిందనుకుని, ఉన్న కాస్త శక్తినీ పొలం ఎంచుకోవడానికి వాడండి.

దిగాక

ఆగగానే బయటికి, గాలి వచ్చే వైపుకు కనీసం 50 మీటర్లు. అందరూ వచ్చారా లెక్కపెట్టండి. ఈఎల్‌టీ (ప్రమాద సంకేతం పంపే పరికరం) దానంతటది మోగి ఉండవచ్చు, లేకపోతే చేత్తో ఆన్ చేయండి. 112కు ఫోన్ చేసి ఊరి పేరు, మండలం చెప్పండి.

అయిదు నిమిషాల్లో ఊరు ఊరంతా వస్తుంది. సాయమూ వాళ్ళే, ప్రమాదమూ వాళ్ళే. రెక్కల నుంచి పెట్రోలు కారుతుంటే ఒక్క బీడీ చాలు. ఊళ్ళో పెద్దమనిషి ఎవరో కనుక్కుని, జనాన్ని దూరంగా ఉంచమని ఆయనకే అప్పగించండి. ప్రొపెల్లర్‌ను ఎవరూ తిప్పకుండా చూడండి. మాగ్నెటో తీగ తెగి ఉంటే తాళం ఆఫ్‌లో ఉన్నా ఇంజిన్ ఒక్క తన్ను తన్నగలదు.

పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏకు, విమాన ప్రమాదాలను విచారించే ఏఏఐబీకి తెలియజేయాలి. మనుషులను కాపాడడానికి తప్ప విమానాన్ని కదపకూడదు. పొలం రైతుకు నష్టపరిహారం బీమా వాళ్ళు చూసేది, అక్కడ కాగితాల మీద సంతకాలు పెట్టకండి. పొలం యజమాని పేరు, సర్వే నంబరు, ఫోటోలు తీసుకుంటే చాలు.

అభ్యాసం

నెలకు ఒకసారి శిక్షకుడితో. థ్రాటిల్ ఐడిల్, కార్బురేటర్ ఉంటే హీట్, ప్రతి 500 అడుగులకు ఒకసారి థ్రాటిల్ తెరిచి ఇంజిన్‌ను వెచ్చగా ఉంచాలి, లేదంటే ఉత్తుత్తి ఫెయిల్యూర్ నిజం ఫెయిల్యూర్ అవుతుంది. నేలకు 500 అడుగుల దగ్గర మళ్ళీ పైకి. ఐడిల్‌లో తిరిగే ఇంజిన్ కొంచెమైనా లాగుతూనే ఉంటుంది కాబట్టి నిజంగా ఆగినప్పుడు విమానం ఇంకాస్త తొందరగా దిగుతుంది. అభ్యాసంలో అంచుకు అంచు అందిన పొలం ఆ రోజు అందదని రాసిపెట్టుకోండి.